18446744073709551615: చదరంగపు గళ్ల సంఖ్యపై తరచుగా అడిగే ప్రశ్నలు

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లూ రెట్టింపు చేస్తూ నింపితే వచ్చే మొత్తమే ఈ సంఖ్య. బడిలో గుణశ్రేఢి పాఠం దగ్గర, పాత పద్యాల్లో, ప్రోగ్రాం రాసేటప్పుడు స్క్రీన్ మీద ఇదే ఎదురవుతుంది. ఎక్కడ ఎదురైనా దాదాపు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది. మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## చదవడం, రాసుకోవడం

ఇన్ని అంకెలున్న సంఖ్యను తెలుగులో ఎలా చదవాలి?

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. కుడివైపు నుంచి మొదట మూడంకెలు, తర్వాత రెండేసి. చదవడానికి మాత్రం ఏడేసి అంకెల కట్టలుగా చీల్చుకోవడం తేలిక: 184467 | 4407370 | 9551615. ఎడమ కట్ట కోటి కోట్లు, మధ్య కట్ట కోట్లు, కుడి కట్ట కోటి లోపు సంఖ్య. అంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. పద్మం, శంఖం లాంటి పేర్లతో చదవాలనుకుంటే ఏ పట్టిక ప్రకారమో ముందే చెప్పాలి. ఆ పేర్ల విలువలు అన్ని గ్రంథాల్లో ఒకేలా ఉండవు. కోటి కోట్ల పద్ధతిలో ఆ గొడవ లేదు.

మొత్తం 2⁶⁴ ఆ, 2⁶⁴ − 1 ఆ? ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

మొదటి గడిలో ఒక గింజతో మొదలుపెడితే 2⁶⁴ − 1. మొదటి గడిలో ఉన్నది 2⁰ కాబట్టి 64వ గడిలో ఉన్నది 2⁶³, అంటే 9223372036854775808. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది: 64వ గడి కదా అని 2⁶⁴ రాసేస్తారు. మొత్తం ఎందుకు ఒకటి తక్కువో చూడటానికి సూత్రం కూడా అక్కర్లేదు. బల్ల మీద ఇంకో గింజ అదనంగా పెట్టండి. మొదటి గడిలో ఉన్న ఒకటీ ఇదీ కలిసి 2. రెండో గడిలోని 2తో కలిస్తే 4. మూడో గడిలోని 4తో కలిస్తే 8. ఇలా చివరి గడి దాటేసరికి సరిగ్గా 2⁶⁴. అదనంగా పెట్టిన గింజను తీసేస్తే 2⁶⁴ − 1. చివర 616 ఉంటే అది 2⁶⁴, 615 ఉంటే గళ్ల మొత్తం.

‘శర శశి షట్క చంద్ర…’ పద్యంలో ఈ సంఖ్య ఉందంటారు. నేను విడదీస్తే మాత్రం రావడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

11వ శతాబ్దపు గణితకవి పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధమైన చంపకమాల అది. అంకెల బదులు భూతసంఖ్యలు, అంటే అంకెలకు గుర్తుగా వాడే మాటలు, వరసగా పేర్చి ఉంటాయి. అవి ఇవి: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

తప్పు జరిగేది మూడు చోట్ల. మొదటిది దిశ: ‘అంకానాం వామతో గతిః’ అన్న నియమం ప్రకారం మొదటి మాట ఒకట్ల స్థానం, కాబట్టి వచ్చిన వరసను తిరగేసి రాయాలి. రెండోది సంధి: ‘వియన్నగాగ్ని’ ఒక మాట కాదు, వియత్, నగ, అగ్ని మూడు మాటలు. ‘గగనాబ్ధి’ రెండు. ‘భూధర’, ‘కుంజర’ పాదం చివర విరిగి తర్వాతి పాదంలోకి పోతాయి, వాటిని కలుపుకోవాలి. మూడోదానిలోనే ఎక్కువమంది దెబ్బతింటారు: సప్తసముద్రాలు కదా అని అబ్ధికి, పయోనిధికి 7 వేస్తారు. ఈ పద్ధతిలో సముద్రం 4, కొండ 7. అన్నీ సరిగ్గా పడితే 20 మాటలకు 20 అంకెలు వస్తాయి, ఒక్కటీ మిగలదు. ఛందస్సుకు, యతికి, ప్రాసకు లోబడుతూ ఇరవై అంకెలు ఒక్కటీ జారకుండా పట్టడం మామూలు పని కాదు. పైగా ఛందస్సులో ఉన్నందువల్ల నకలు రాసేవాడు ఒక మాట వదిలేస్తే గణం విరిగి తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఎత్తి రాసుకున్నాక అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో త్వరగా ఎలా చూసుకోవాలి?

రెండు పరీక్షలు చాలు. అంకెలన్నీ కూడితే 87 రావాలి. తర్వాత కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడండి: బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాల మొత్తం 25, తేడా 37. మొదటి పరీక్ష ఒక అంకె తప్పుపడితే పట్టేస్తుంది కానీ, పక్కపక్క అంకెలు తారుమారైతే పట్టలేదు, ఎందుకంటే మొత్తం మారదు. ఆ తారుమారును రెండో పరీక్ష పడుతుంది. ఈ సంఖ్యలో ‘7440737’ దగ్గర ఎత్తిరాతలు తరచుగా తడబడతాయి, అక్కడ కళ్లు పెట్టండి.

## చేత్తో లెక్కకట్టడం

64 సార్లు రెట్టింపు చేయకుండా దగ్గరి దారి లేదా?

ఉంది. రెట్టింపు చేయడం మాని వర్గం చేయండి, ఆరు మెట్లలో అయిపోతుంది: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ పైన 2⁶⁴. చదరంగపు గళ్ల లెక్కను మధ్యయుగ పండితుడు అల్ బిరూనీ కూడా ఇలా వర్గాల మీదుగానే సాధించాడు. చివరి మెట్టు ఒక్కటే బరువు. దాన్ని ఇలా దించుకోండి.

4294967296ను మధ్యలో విరిస్తే 42949, 67296.
42949 వర్గం: (43000 − 51)² = 1844616601.
రెండింటి లబ్ధానికి రెట్టింపు: 42949 × 134592 = 5780591808.
67296 వర్గం: (67300 − 4)² = 4528751616.

మొదటిదాని వెనక పది సున్నాలు, రెండోదాని వెనక ఐదు సున్నాలు చేర్చి మూడూ కూడండి:

18446166010000000000
+ 578059180800000
+ 4528751616
= 18446744073709551616

ఒకటి తీసేస్తే గళ్ల మొత్తం. ఈ లెక్కలో పొరపాటు పడేది సున్నాల దగ్గరే. రెండో సంఖ్యకు ఐదుకు బదులు పది సున్నాలు పెడితే జవాబు 76తో మొదలవుతుంది, అలా వస్తే వెంటనే గుర్తుపట్టవచ్చు.

20 అంకెలు వస్తాయని, చివరి అంకె 5 అని లెక్క చేయకుండానే ఎలా చెబుతారు?

2కు సంవర్గమానం 0.30103. దాన్ని 64తో గుణిస్తే 19.27. పూర్ణాంక భాగానికి ఒకటి కలిపితే 20 అంకెలు. చివరి అంకె కోసం 2 ఘాతాలు చూడండి: 2, 4, 8, 6, మళ్లీ 2, 4, 8, 6. నాలుగింటికోసారి తిరుగుతాయి. 64 నాలుగుతో భాగమవుతుంది కాబట్టి 2⁶⁴ చివర 6, ఒకటి తీస్తే 5.

మా క్యాలిక్యులేటర్ 1.844674407 × 10¹⁹ దగ్గరే ఆగిపోతోంది. మిగతా అంకెలు రాబట్టవచ్చా?

ఆ ఒక్క జవాబులోంచి రాబట్టలేరు. యంత్రం మిగతావి దాచిపెట్టలేదు, గుండ్రం చేసి వదిలేసింది. పది అంకెల క్యాలిక్యులేటర్‌తోనే పూర్తి జవాబు కావాలంటే సంఖ్యను ఐదంకెల ముక్కలు చేయండి. ఐదంకెలను ఐదంకెలతో గుణిస్తే పది అంకెలు దాటదు, తెర మీద పూర్తిగా పడుతుంది. 42949 × 42949, 42949 × 67296, 67296 × 67296 విడివిడిగా చేసి, మధ్యదాన్ని రెట్టింపు చేసి, స్థానాలు జరిపి కాగితం మీద కూడండి.

అన్ని బియ్యపు గింజలంటే నిజంగా ఎంత?

వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుందాం (మీ ఇంట్లో బియ్యం తూచి ఈ అంకె మార్చుకోండి, సన్నరకమైతే తగ్గుతుంది). అప్పుడు మొదటి 16 గళ్లకు 65535 గింజలు, కిలో మూడు వందల గ్రాములు. 20 గళ్లకు 21 కిలోలు, ఒక పాతిక కిలోల సంచి కూడా నిండదు. సగం బల్లకు, అంటే 32 గళ్లకు, 429,49,67,295 గింజలు: 86 టన్నులు, పాతిక కిలోల సంచులైతే 3,436. ఇక్కడిదాకా ఒక మిల్లు గోదాంలో సర్దేయవచ్చు.

మిగతా సగంలో ఉన్నది మొదటి సగానికి 2³² రెట్లు. రెట్టింపో పదింతలో కాదు, 429 కోట్ల రెట్లకు పైనే. మొత్తం బరువు దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు అనుకుంటే, ఏడు వందల ఏళ్లకు పైగా పంటంతా పోగేయాలి.

హనోయ్ గోపురం ఆటలోనూ ఇదే సంఖ్య ఎందుకు వస్తుంది?

ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ ల్యూకా 1883లో ఈ ఆటను బయటపెట్టాడు. మూడు కడ్డీల్లో ఒకదాని మీద పెద్దది కింద, చిన్నది పైన ఉండేలా పేర్చిన బిళ్లలన్నిటినీ మరో కడ్డీకి చేర్చాలి; ఎత్తుకు ఒక్క బిళ్లే కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. దాని వెంట చెప్పే కథలో కాశీ గుడిలో 64 బంగారు బిళ్లలుంటాయి. అన్నిటికన్నా అడుగు బిళ్లను కదపాలంటే పైనున్నవన్నీ ముందు పక్క కడ్డీకి పోవాలి, ఆ తర్వాత అవన్నీ మళ్లీ దాని మీదికి రావాలి. అందుకే ఒక బిళ్ల పెరిగితే ఎత్తుల సంఖ్య రెట్టింపై ఒకటి కలుస్తుంది: 1, 3, 7, 15, 31… 64 బిళ్లలకు 2⁶⁴ − 1. సెకనుకో ఎత్తు వేసినా 58,454 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల సంవత్సరాలే.

ఆడేవాళ్లకు ఒక కిటుకు. ఎత్తు వరస సంఖ్యను 2తో ఎన్నిసార్లు నిశ్శేషంగా భాగించగలరో చూసి ఒకటి కలపండి, చిన్నదాని నుంచి లెక్కిస్తే అన్నో బిళ్లను కదపాలి. బేసి ఎత్తులన్నీ చిన్న బిళ్లవే. పెద్ద బిళ్ల కదిలేది ఒకేసారి, 2⁶³వ ఎత్తులో, సరిగ్గా ఆట మధ్యలో. బిళ్లలు సరిసంఖ్యలో ఉంటే మొదటి ఎత్తు ఖాళీగా ఉంచదలచిన కడ్డీకి వేయాలి. గమ్యం కడ్డీకి వేస్తే గోపురమంతా తప్పు కడ్డీ మీద లేస్తుంది.

## కారణాంకాలు విడదీయడం

2⁶⁴ − 1 మెర్సెన్ రూపమే (2 ఘాతంలోంచి ఒకటి తీసినది) కదా, మరి ప్రధాన సంఖ్య ఎందుకు కాదు?

2 ఘాతం నుంచి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య రావాలంటే ఆ ఘాతాంకం కూడా ప్రధాన సంఖ్య కావాలి. 64 కాదు. అసలు ఘాతాంకం సరిసంఖ్య అయితే చాలు, 3 భాగిస్తుంది. ఈ సంఖ్య విషయంలో 3తో పాటు 5 కూడా కంటికే కనిపిస్తుంది: చివరి అంకె 5, అంకెల మొత్తం 87. దీనికి కొంచెం కిందనున్న 2⁶¹ − 1 మాత్రం ప్రధాన సంఖ్యే, రష్యాకు చెందిన పెర్వూషిన్ 1883లో నిరూపించాడు. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధాన సంఖ్య అయి తీరాలని లేదు: 2¹¹ − 1 = 2047 = 23 × 89.

ఇంత పెద్దదాన్ని చేత్తో కారణాంకాలుగా ఎలా విడదీస్తారు?

ఎనిమిదో తరగతి సూత్రంతోనే. రెండు వర్గాల తేడా అంటే మొత్తాన్ని తేడాతో గుణించడం. 2⁶⁴ ఒక వర్గం, 1 ఒక వర్గం:

2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1)
2³² − 1 = (2¹⁶ + 1)(2¹⁶ − 1)
2¹⁶ − 1 = (2⁸ + 1)(2⁸ − 1)

ఇలా దిగుతూ పోతే 4294967297 × 65537 × 257 × 17 × 5 × 3 వస్తుంది. చివరి ఐదూ ప్రధాన సంఖ్యలు. మొదటిది కాదు: 4294967297 = 641 × 6700417. కాబట్టి పూర్తి జవాబు

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

64 అన్నది 2 ఘాతం కావడం వల్లే సూత్రం ఆరుసార్లు వరసగా పనిచేసింది. 2⁶⁷ − 1 లాంటిదానికి ఈ దారి మూసుకుపోతుంది, అక్కడ నిజంగా శ్రమపడాలి.

641 ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూశారా?

3, 5, 17, 257, 65537 (2, 2², 2⁴, 2⁸, 2¹⁶లకు ఒకటి కలిపితే వచ్చేవి) చూసి ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. తర్వాతి సంఖ్య 4294967297ను 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. గుడ్డిగా భాగిస్తూ పోలేదు. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయనకు తెలుసు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే వరసగా వస్తాయి. ఐదోదే తగిలింది.

భాగహారం చేయకుండా కూడా నిరూపించవచ్చు. 641ను రెండు రకాలుగా రాయండి: 5 × 2⁷ + 1, అలాగే 5⁴ + 2⁴. మొదటి రూపం ప్రకారం 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1కి శేషం 0. 641 ఈ రెండు రూపాల్లోనూ ఒదగడం అదృష్టం, అందుకే నిరూపణ ఇంత చిన్నదైంది.

6700417 ప్రధాన సంఖ్యేనని ఎలా నమ్మాలి?

నమ్మక్కర్లేదు, ఐదు భాగహారాలతో మీరే తేల్చుకోవచ్చు. దాని వర్గమూలం 2588 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాల్సిన పని లేదు. 2³² + 1ను భాగించే ప్రతి ప్రధాన సంఖ్యనూ 128తో భాగిస్తే 1 మిగలాలి. ఆయిలర్ నియమాన్ని తర్వాత ల్యూకా ఇలా బిగించాడు. 2588 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 6700417ను వీటితో భాగిస్తే శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు, కాబట్టి ప్రధాన సంఖ్యే. 641ను ఎందుకు మళ్లీ చూడాలంటే, అదే కారణాంకం రెండుసార్లు వచ్చే అవకాశం ఉంటుంది కనుక.

4294967297 మీద ఫెర్మా పరీక్ష చేస్తే ప్రధాన సంఖ్య అని వచ్చింది. ప్రోగ్రాంలో తప్పుందా?

ఒక ఆధార సంఖ్యను, పరీక్షించే సంఖ్య కన్నా ఒకటి తక్కువైన ఘాతానికి హెచ్చించి, ఆ సంఖ్యతో భాగిస్తే 1 మిగులుతుందా అని చూడటమే ఈ పరీక్ష. మీరు 2ను ఆధారంగా తీసుకుని ఉంటారు. ప్రోగ్రాం సరైనదే, ఆధారమే తప్పు ఎంపిక. 2³²ను ఈ సంఖ్యతో భాగిస్తే −1 మిగులుతుంది, వర్గం చేస్తే 1. అంటే 2 ఘాతాలు 64 మెట్లకోసారి 1కి తిరిగొస్తాయి. పరీక్షలో వాడే ఘాతాంకం 2³², అది 64కు గుణిజమే. కాబట్టి సంయుక్త సంఖ్య అయినా పరీక్ష దాటిపోతుంది. 3తో చేసి చూడండి, పట్టుబడుతుంది. ఈ కుటుంబపు సంఖ్యలకు 2 ఎప్పుడూ పనికిరాదు.

## గుణాలు

ఈ సంఖ్యకు ఎన్ని భాజకాలు? పరిపూర్ణ సంఖ్యకు దగ్గరగా ఉందా?

ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండుసార్లు రాలేదు. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు లేదా వదిలేయవచ్చు కాబట్టి 2⁷ = 128 భాజకాలు. భాజకాలన్నిటి మొత్తం 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418. ఇది అసలు సంఖ్యకు సుమారు 1.703 రెట్లు. పరిపూర్ణ సంఖ్యకు 2 రెట్లు రావాలి, కనుక ఇది న్యూన సంఖ్య.

దీనితో సాపేక్ష ప్రధానాలు ఎన్ని ఉంటాయి?

సాపేక్ష ప్రధానాలంటే దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు. దీని లోపు సంఖ్యల్లో అవి సగానికి ఒక పిసరు తక్కువ, 49.92 శాతం. ఇందులో ఒక అందం ఉంది. 3, 5, 17, 257, 65537 ఒక్కోదానిలోంచి ఒకటి తీసి గుణించండి: 2 × 4 × 16 × 256 × 65536 = 2³¹. ఈ ఐదింటి లబ్ధం 2³² − 1. అంటే అక్కడిదాకా దాదాపు కచ్చితంగా సగం. 641 వచ్చి ఆ సగాన్ని కొంచెం కిందికి దించుతుంది.

రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా?

రాయలేం, మూడు వర్గాల మొత్తంగా కూడా రాయలేం. సంఖ్యను 8తో భాగిస్తే 7 మిగులుతుంది. ఏ వర్గాన్ని 8తో భాగించినా శేషం 0, 1, 4 మాత్రమే, వీటిలో మూడింటిని ఎలా కూడినా 7 రాదు. కాబట్టి నాలుగు వర్గాలు తప్పనిసరి. నాలుగుతో ఏ సంఖ్య అయినా కుదురుతుందని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు.

అడ్డం పడుతున్నది 3 ఒక్కటే. 3తో భాగిస్తే వచ్చే 6148914691236517205 ఏకంగా 32 రకాలుగా రెండు వర్గాల మొత్తం అవుతుంది, ఎందుకంటే మిగిలిన ఆరు ప్రధాన సంఖ్యలనూ 4తో భాగిస్తే 1 మిగులుతుంది. ఆ రెండు వర్గాల మూలాలు తెలిస్తే నాలుగు వర్గాలు చిటికెలో వస్తాయి: వాటి తేడా, వాటి మొత్తం, మొదటిది, రెండోది. చిన్న సంఖ్య మీద చూడండి. 2⁸ − 1 = 255 = 3 × 85, 85 = 9² + 2². కనుక 255 = 7² + 11² + 9² + 2².

రెండు వర్గాల తేడాగా ఎన్ని రకాలుగా రాయవచ్చు?

64 రకాలుగా. 128 భాజకాలు 64 జతలవుతాయి, అన్నీ బేసి కాబట్టి ప్రతి జతా ఒక తేడాను ఇస్తుంది: జతలోని రెండింటి మొత్తంలో సగం ఒక మూలం, తేడాలో సగం రెండోది. తేలికైనది (2³²)² − 1². 64 గళ్ల సంఖ్యకు 64 రకాలు రావడం యాదృచ్ఛికమే. 4294967297 ప్రధాన సంఖ్య అయి ఉంటే 32 రకాలే ఉండేవి.

దీనికి 2 కలిపితే వచ్చే సంఖ్య గురించి ఎందుకు చెబుతారు?

18446744073709551617 అంటే 2⁶⁴ + 1, 3, 5, 17, 257, 65537, 4294967297 అన్న ఫెర్మా వరసలోనే తర్వాతిది. మన సంఖ్య దాని ముందున్న ఆరింటి లబ్ధం. రెండింటి మధ్య తేడా 2, రెండూ బేసి, కాబట్టి ఉమ్మడి కారణాంకం ఒక్కటీ ఉండదు. వరసలో ప్రతి మెట్టూ ఇలా కొత్త ప్రధాన సంఖ్యలను తెస్తుంది. ప్రధాన సంఖ్యలు అనంతం అనడానికి ఇదొక చక్కటి నిరూపణ. లాండ్రీ 1880లో దీన్ని 274177 × 67280421310721గా విడదీశాడు. ఇక దగ్గరి ప్రధాన సంఖ్యలు కావాలంటే: 2⁶⁴కు కిందున్నది 18446744073709551557, పైనున్నది 18446744073709551629.

ఇన్ని భుజాల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చా?

సిద్ధాంతరీత్యా కూడా గీయలేం. భుజాల సంఖ్య బేసి అయితే, దాని ప్రధాన కారణాంకాలన్నీ 3, 5, 17, 257, 65537 లాంటి ఫెర్మా ప్రధాన సంఖ్యలే కావాలి, ఒక్కోటి ఒక్కసారే రావాలి. 17 భుజాలది గీయవచ్చని గాస్ 1796లో కనిపెట్టాడు, ఈ షరతు తప్పనిసరి అని వాంట్సెల్ 1837లో నిరూపించాడు. ఇక్కడ 641, 6700417 అడ్డొస్తాయి. వాటిని తీసేస్తే మిగిలే 4294967295 భుజాల బహుభుజికి అభ్యంతరం లేదు. ఇప్పటికి తెలిసిన బేసి భుజాల వాటిలో అదే పెద్దది.

## కంప్యూటర్‌లో ఎదురైనప్పుడు

ప్రోగ్రాంలో −1 రావాల్సిన చోట 18446744073709551615 వస్తోంది. ఎందుకు?

64 బిట్లలో −1ను 64 ఒకట్లుగా దాస్తారు. దానికి ఒకటి కలిపితే బిట్లన్నీ సున్నా కావాలి కదా, అందుకు. అవే 64 ఒకట్లను గుర్తులేని (ప్లస్, మైనస్ గుర్తు లేని, అన్‌సైన్డ్) రకంగా చదివితే 2⁶⁴ − 1. కాబట్టి ఈ సంఖ్య కనబడితే ఎక్కడో సున్నాలోంచి ఒకటి తీసేశారని, లేదా −1ను గుర్తులేని చరరాశిలో పెట్టారని అర్థం. సీ, సీ++లో మామూలుగా దొరికే చోట్లు మూడు: ఖాళీ జాబితా పొడవులోంచి ఒకటి తీయడం, వెనక్కి నడిచే లూప్‌లో సున్నా దాటి కిందికి దిగడం, స్ట్రింగ్‌లో (అక్షరాల వరసలో) వెతికిన మాట దొరకనప్పుడు వచ్చే విలువను నేరుగా ప్రింట్ చేయడం. వెనక్కి నడిచే లూప్ మరీ ప్రమాదం: గుర్తులేని సంఖ్య ఎప్పుడూ సున్నాకు తగ్గదు కాబట్టి ‘సున్నా కన్నా ఎక్కువ లేదా సమానం’ అన్న షరతు ఎన్నటికీ విఫలం కాదు, లూప్ ఆగదు.

ఎక్సెల్‌లో టైప్ చేస్తే చివరి ఐదు అంకెలు సున్నాలైపోతున్నాయి.

ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుంటుంది, మిగతావి సున్నాలు చేస్తుంది: 18446744073709500000. సెల్ ఫార్మాట్ తర్వాత మార్చినా పోయిన అంకెలు తిరిగి రావు. టైప్ చేసే ముందే సెల్‌ను టెక్స్ట్‌గా మార్చండి, లేదా ముందు ఒక సింగిల్ కొటేషన్ గుర్తు (') పెట్టండి. అలా చేస్తే అంకెలు నిలుస్తాయి కానీ లెక్కలకు పనికిరావు.

జావాస్క్రిప్ట్‌లో 18446744073709552000 వస్తోంది, పైథాన్‌లో సరిగ్గా వస్తోంది. ఏది నమ్మాలి?

పైథాన్‌లో 2**64 - 1 పూర్ణాంకంగా కచ్చితంగా వస్తుంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలు 53 బిట్ల కచ్చితత్వం ఉన్న దశాంశ రకం. 9007199254740991 దాటాక ప్రతి పూర్ణాంకం అందులో ఇమడదు. 2⁶⁴ దగ్గరికొచ్చేసరికి కిందివైపు 2048 దూరంలో కానీ తర్వాతి విలువ లేదు, కాబట్టి 2⁶⁴ − 1 కాస్తా 2⁶⁴కే గుండ్రమవుతుంది. తెర మీద కనిపించే 552000 దాని కుదింపు రూపం. బిగ్‌ఇంట్ (ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా కచ్చితంగా ఉంచుకునే రకం) వాడితే సరిపోతుంది. సర్వర్ నుంచి జేసన్‌లో పెద్ద ఐడీలు పంపేటప్పుడు వాటిని టెక్స్ట్‌గా పంపండి. లేకపోతే చివరి అంకెలు మారిపోయి వేరే రికార్డు తెరుచుకుంటుంది, అదీ ఏ ఎర్రరూ లేకుండా. పైథాన్‌లోనైనా 2.0**64 అని దశాంశ బిందువు పెడితే ఇదే తప్పు జరుగుతుంది.

1 << 64 (1ని ఎడమకు 64 బిట్లు జరపడం) చేసి ఒకటి తీస్తే సీలో తప్పు జవాబు వస్తోంది.

64 బిట్ల రకాన్ని 64 స్థానాలు జరపడానికి భాషలో అర్థమే నిర్వచించలేదు. ఒక యంత్రంలో 1 వస్తుంది, మరోదానిలో 0. గుర్తులేని 64 బిట్ల సున్నా తీసుకుని బిట్లన్నీ తిరగేయండి (~0), అదే ఈ సంఖ్య. ఆ సున్నా 32 బిట్లది, గుర్తులేనిది అయితే 4294967295 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి రకం స్పష్టంగా రాయాలి.

బిట్లు లెక్కపెట్టే కోడ్‌లో కనిపించే వింత సంఖ్యలకు దీనితో సంబంధం ఉందా?

అవన్నీ దీని భాజకాలే. 64 ఒకట్లున్న సంఖ్యను 3తో భాగిస్తే 6148914691236517205, బిట్లలో 01 జత 32 సార్లు. 5తో భాగిస్తే 3689348814741910323, బిట్లలో 0011 పదహారుసార్లు. 17తో భాగిస్తే 1085102592571150095, ప్రతి బైట్‌లో నాలుగు సున్నాలు, నాలుగు ఒకట్లు. 255తో భాగిస్తే 72340172838076673, ప్రతి బైట్ చివర ఒక ఒకటి. బిట్లు లెక్కపెట్టే ప్రసిద్ధ పద్ధతి ఈ నాలుగింటినీ ఇదే వరసలో వాడుతుంది: మొదట పక్కపక్క బిట్లను కూడుతుంది, తర్వాత జతలను, తర్వాత నాలుగేసి బిట్లను, చివరికి గుణకారంతో ఎనిమిది బైట్లనూ ఒక్క బైట్‌లోకి తెస్తుంది. పదహారు ఆధారంగా కాక దశాంశంలో ఎత్తి రాసేటప్పుడు చివరి అంకెలు తప్పుపోతుంటాయి. ఆ ముక్కను 3, 5, 17, 255లలో తగినదానితో గుణించి 18446744073709551615 వస్తుందో లేదో చూసుకున్నాకే వాడండి.